మొదలు జావా, ఆ తర్వాతే సర్వరు

మా చిన్న బిడ్డకు ఉద్యోగం వచ్చింది! హైదరాబాదులో, సర్వర్లు చూసుకునే పని. పెద్దగా చదువుకోని నేను ఈ ఒక్క ముక్క రాసి, సంతోషంతో మూడుసార్లు చదువుకున్నాను. ఈ మాట అందరికంటే ముందు వినాల్సినవాడు, మా అక్క కొడుకు, పోయిన వారమే దవాఖానలో కన్నుమూశాడు. కిడ్నీలు రెండూ పాడయ్యాయి. నలభై కూడా నిండలేదు.

నా మేనల్లుడు మోత్కూర్‌లో ఒక కిరాయి గదిలో కంప్యూటర్లు నేర్పేవాడు. డిగ్రీ అయిపోయి ఇంట్లో కూర్చున్న మా బిడ్డను పిలిచి మిషన్ ముందు కూర్చోబెట్టింది వాడే. ఒకనాడు నేను జొన్నరొట్టెలు ఇచ్చి వద్దామని పోతే, బిడ్డ కళ్లు తుడుచుకుంటోంది. మిషన్‌లో సర్వరు ప్రోగ్రాం ఎక్కించి నడపబోతే నల్ల కిటికీ ఒకటి తెరుచుకుని వెంటనే మూసుకుపోతోందట.

"బావా, ఎన్నిసార్లు ఎక్కిచ్చినా గంతే. మిషనే ఖరాబైంది."

"మిషన్ మంచిగనే ఉన్నది మరదలు పిల్లా, నీకే తొందరెక్కువ," అని నవ్వి వాడు నా వైపు తిరిగాడు. "మామా, బోరేసినంక కేసింగు పైపు దించకుంటనే మోటరు దించుతవా?"

"మట్టి గూలి మోటరు లోపట్నే పోతది గద అల్లుడా!"

"గిదీ గంతే. సర్వరు నడవాలంటె కింద జావా అనే ప్రోగ్రాం ఉండాలె. నీ బిడ్డ ఉత్త బొందల మోటరు దించి, నీళ్లొస్తలేవని ఏడుస్తాంది."

"గా మాట ముందుగాల చెప్తే నోరు నొస్తుండెనా?" అంది బిడ్డ.

అంతా తీసేయించి మళ్లీ మొదలుపెట్టించాడు. ముందు జావా. అది ఎక్కాక కూడా వదల్లేదు. నల్ల తెర మీద చిన్న ప్రశ్న కొట్టించి, ఏ వెర్షన్ ఉందో మిషన్ చేతనే చెప్పించాడు. "ఉన్నదనుకోవద్దు, అడగాలె," అనేవాడు. బండి తీసే ముందు ట్యాంకు మూత తీసి, బండి ఊపి పెట్రోలు చూసుకునే మనిషి మరి. ఆ తర్వాత జావా ఏ జాగాలో ఉందో సర్వరుకు తెలిసేలా రాయించాడు. "ఇంట్లనే ఉన్నా, జాడ చెప్పకుంటె దానికి దొరకది." చివరికి సర్వరు లేచి తెర మీద దాని పేజీ కనబడేదాకా వాడు రొట్టె ముట్టలేదు.

కంపెనీ పరీక్షలో ఏమీ ఎక్కించని మిషన్ ఇచ్చి సర్వరు నడిపించమన్నారట. మా బిడ్డ మొదట, జావా ఉందా అన్న ఆ చిన్న ప్రశ్నే కొట్టిందట.

ఫలితం మాత్రం ఆలస్యమైంది. దవాఖానలో రక్తం శుద్ధి చేసే మిషన్ పక్కన పడుకుని, వాడు నేను పోయినప్పుడల్లా "ఏమన్న తెలిసిందా మామా?" అని అడిగేవాడు. చివరిసారి కనుబొమలు ఎత్తాడు, అంతే. నేను ఇంకా తెలియలేదని తల అడ్డంగా ఊపాను. వాడు తెలుసుకుని పోయింది అదే. ఇప్పుడు నేను ఎంత గట్టిగా అరిచి చెప్పినా అది మారదు.

గది ఓనరు ఖాళీ చెయ్యమన్నాడు. వాడిలా నేర్పేవాళ్లు మా దిక్కు ఎవరూ లేరు. బస్సు దిగి వచ్చిన ఆడపిల్లలు మూసిన షట్టరు చూసి వెనక్కి పోతున్నారు. ఉద్యోగం కాగితం చేతిలో పెట్టుకుని మా బిడ్డ పొద్దుటి నుంచి అన్నం ముట్టలేదు.

అయినా చెప్పాలి. ఆలేరులో మా తమ్ముడికి. మహబూబ్‌నగర్‌లో పెద్ద బిడ్డకు. అలంపూర్ దగ్గర వియ్యంకులకు. మేనల్లుడి భార్యకు. మా అక్కకు, ఫోన్‌లో కాదు, మిఠాయి లేకుండా, ఎదురుగా కూర్చుని.