మామకు లినక్స్ పెట్టిన వానకాలం

మొన్న పొద్దున నా ఫోను తనంతట తానే అప్‌డేట్ అయి, కెమెరా బొమ్మను ఎక్కడో దాచేసింది. వెతుక్కుంటూ విసుక్కుంటుంటే మా అమ్మాయి "జెర ఓపిక పట్టు నాన్నా, అదే అలవాటైతది" అంది. సరిగ్గా ఈ మాటే ఒకప్పుడు నేను సీతాఫల్‌మండిలో ఉండే మా మేనమామకు ఎన్నిసార్లు చెప్పానో!

అప్పట్లో నేను మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో కొత్తగా చేరాను. ఎవరింట్లో ప్రింటర్ ఆగినా, మౌస్ కదలకపోయినా చుట్టాలందరికీ నేనే గుర్తొచ్చేవాణ్ని. రైల్వేలో గార్డుగా రిటైరైన మామ దగ్గర ఒక కంప్యూటర్ ఉండేది. వైరస్‌లు పట్టీ పట్టీ, అది తెరుచుకునేలోపు అత్తమ్మ పప్పు ఉడకబెట్టి తాలింపు కూడా పెట్టేసేది. విసిగిపోయి ఒక ఆదివారం అందులో విండోస్ తీసేసి, వైరస్‌లు అంతగా పట్టని లినక్స్ ఎక్కించాను. వైరస్‌ల బాధ పోయింది. మామ బాధ మొదలైంది.

"ఏంది అల్లుడూ గిది? నా స్టార్ట్ బటన్ ఏడవోయింది?"

"పైకి పోయింది మామా. పని అదే చేస్తది."

"కిందున్నదాన్ని పైకెందుకు పంపినవ్? అది నిన్నేమన్నది?"

మీటింగ్‌లో ఉంటే ఫోను. బస్సులో వేలాడుతుంటే ఫోను. పళ్లు కొరుక్కుంటూ అన్నిటికీ జవాబు చెప్పాను. కానీ ఒకరోజు ఆయన గొంతులో కోపం లేదు.

"పాటలన్నీ పోయినయ్ అల్లుడూ."

రైలు డ్యూటీలో మామ జోడీదారు, మెట్టుగూడలో ఉండే రిటైరైన ఇంజన్ డ్రైవరు, భజనలో ముందుపాట పాడేవాడు. ఆయనకు చూపు మందగించి పుస్తకం కనబడకపోతే, మామ ఒక్కో పాటా టైపు చేసి, అక్షరాలు పెద్దవి చేసి తెరమీద చూపించేవాడు. శనివారం సాయంత్రాలు ఆ ఇద్దరి సాధన అదే. ఇప్పుడు తెలుగు పోయి, తెరనిండా డబ్బాలూ ప్రశ్నార్థకాలూ వచ్చాయి.

పాటలు పోలేదనీ, తెలుగు అక్షరాలు చూపించే పాత ఫాంటు కొత్త సిస్టమ్‌లో లేదంతేననీ చెప్పాను. "నాకు ఫాంటొద్దు, పాట కావాలె" అన్నాడు.

శనివారం వానలో తడుస్తూ వెళ్లి, ఆ ఫాంటు కోసం పాత సీడీలన్నీ తిరగేస్తూ కూర్చున్నాను. జోడీదారు అప్పటికే వచ్చి గొడుగు మూలన పెట్టుకున్నాడు. మామ నా భుజం మీదుగా "అయిందా? ఇంకా కాలేదా?" అని ఒకటే పోరు.

"మామా! నువ్వు నెత్తిమీద నిలబడితే అసలే కాదు!" అని అరిచాను.

మామ చటుక్కున వెనక్కి జరిగాడు. జోడీదారే నవ్వాడు. "గార్డు సాబ్, ఇన్నేండ్లు నువ్వు జెండా ఊపితేనే నేను బండి కదిలించిన. ఇయ్యాల జెర ఆ పిల్లగాడు ఊపేదాకా ఆగు."

చివరికి ఫాంటు దొరికింది. డబ్బాల్లోంచి తెలుగు లేచి వచ్చింది. తెరకు ఒక్క చరణమే పట్టేంతగా అక్షరాలను పెంచాను. జోడీదారు ముక్కు ఆనించినంత దగ్గరగా వంగి, అక్షరం అక్షరం కూడబలుక్కుని, ఉన్నట్టుండి గొంతెత్తాడు. మామ బల్లమీద దరువు అందుకున్నాడు. అక్షరాలు పెంచడమెట్లాగో నేను వివరించబోయాను గానీ వినేవాళ్లెవరు? పాటయ్యాక మామ నావైపు తిరిగి, "మంచిగనే ఉన్నది గని, ఆ బటన్ కిందికి తే" అన్నాడు.

కొన్నేళ్లకు జోడీదారుకు చూపు పూర్తిగా పోయింది. అప్పటికి పాటలన్నీ ఆయనకు నోటికొచ్చేశాయి. కాలం ఎవరికీ ఎక్కువ గడువివ్వదు. కళ్లలోంచి గొంతులోకి పాట చేరేంతవరకు మాత్రం ఆ ఒక్కసారి ఓపిక పట్టింది.