మలుపు దగ్గర గుంజలు

ఏడేళ్లుగా ఒక అబద్ధం నన్ను కుదురుగా కూర్చోనివ్వడం లేదు. అన్నం ముందు కూర్చుంటే సగంలో లేస్తాను. బస్సులో సీటు దొరికినా నిలబడే వెళ్తాను. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పట్లో బోగోలు దగ్గర ఒక సన్నటి ఉప్పుటేరులో ట్యూబు రైడ్లకు గైడుగా ఉండేవాణ్ణి. గాలి నింపిన పెద్ద ట్యూబుల్లో మనుషుల్ని కూర్చోబెట్టి, ఆటు మొదలవగానే వదిలేవాళ్లం. నీళ్లు సముద్రం వైపు తీస్తుంటే ట్యూబులు వాటంతటవే సాగేవి. ముందు నేను, చివర ఇంకో గైడు.

అదే ఏట్లో రమణమ్మక్క గుంజలు నాటి, వాటికి వల కట్టేది. భర్త పోయాక ఆ వలే ఆమెకు ఆధారం. ఒకరోజు సాయంత్రం నన్ను గట్టు మీద ఆపింది.

“అబ్బయ్యా, రేపు మలుపుకాడ గుంజలు నాటతా ఉండాను. నీళ్లలో కనపడవు. ఆ కాస్త దూరం మీవోళ్లను గట్టుమీద నడిపించుకోని పో.”

“సరేలే అక్కా,” అన్నాను.

మర్నాడు నెల్లూరు నుంచి ఎనిమిది మంది వచ్చారు. అంతా ఒకే చర్చి వాళ్లు. వాళ్లలో కీబోర్డు వాయించే ఒకామె, నీళ్లంటే భయమని ట్యూబు ఎక్కనంది. నేనే నచ్చజెప్పి ఎక్కించాను. పది నిమిషాల్లో భయం పోయి పాటందుకుంది. మిగతావాళ్లు గొంతు కలిపారు.

మలుపులో గుంజ గుచ్చుకుని ఆమె ట్యూబు పగిలింది. ట్యూబుకు కట్టిన తాడుకూ గుంజకూ మధ్య ఆమె కుడిచెయ్యి ఇరుక్కుంది. వెనకనుంచి నీళ్లు తోస్తూనే ఉన్నాయి. నేను ఎదురీది వచ్చి తాడు కోసేసరికి రెండు వేళ్లు నలిగిపోయాయి. అవి మళ్లీ ముడుచుకోలేదని, ఆమె వాయించడం మానేసిందని తర్వాత విన్నాను.

ఆ మధ్యాహ్నం మా యజమాని, ఊరిపెద్దలు రమణమ్మక్కను పిలిపించారు. గుంజలు నాటే సంగతి నాకు ముందే చెప్పానంది. యజమాని నా వైపు తిరిగాడు.

“చెప్పిందా?”

“లేదు సార్.”

ఆమె నన్ను తిట్టలేదు. ఇక ఆ ఏట్లో వల కట్టకూడదని పెద్దలు తేల్చేశారు. ఆమె కూలి కోసం రొయ్యల కంపెనీ వ్యాను ఎక్కింది. నేను ఇంకో రెండేళ్లు అదే ఏట్లో, అదే మలుపు మీదుగా జనాన్ని తీసుకెళ్లాను.

ఆమె మాట మర్చిపోయానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. మర్చిపోవడం తప్పే కానీ పాపం కాదు కదా? అయితే నేను మర్చిపోలేదు. మలుపు ఇంకా వంద గజాలుందనగా గుర్తొచ్చింది. చెయ్యెత్తి అందర్నీ ఆపొచ్చు. కానీ వాళ్లు పాడుతున్నారు; ఆపితే, బురదలో నడిపిస్తే మొహాలు మాడ్చుకుంటారు, మంచి గైడన్న పేరు పోతుంది, నీళ్లింకా నిండుగానే ఉన్నాయి, పైనుంచి తేలిపోతాంలే అనుకున్నాను. నేనున్న ట్యూబు నిజంగానే తేలిపోయింది. ఆ క్షణం సంతోషించాను కూడా. ఇది ఎవరితో చెప్పను?

పోయిన నెల కావలి బస్టాండులో రమణమ్మక్క కనిపించింది. తనే పలకరించింది. అంతా చెప్పేద్దామని నోరు తెరిచాను. ఈలోపు ఆమే అంది:

“నీతో చెప్పినాననే అనుకున్నా అబ్బయ్యా. ఇంకెవురితోనో చెప్పి నీతో అన్నట్టు అనుకున్నానేమో. పాపం, ఆ తల్లి చెయ్యి నా వల్లనే పోయింది.”

ఆమె వల మాత్రమే పోయిందనుకున్నాను ఇన్నాళ్లూ. తన మాట మీద తనకున్న నమ్మకం కూడా తీసేశానని అప్పుడు తెలిసింది. అప్పుడైనా నోరు పెగలాలి కదా? నా బస్సు వచ్చింది. “వస్తానక్కా,” అని ఎక్కేశాను.

ఆమె చెప్పింది. నేను విన్నాను. మలుపు రాకముందే నాకు గుర్తొచ్చింది. ఈ మూడు ముక్కలు రాయడానికి పొద్దుట్నుంచి ఎన్నిసార్లు లేచానో. క్షమించమని మిమ్మల్ని అడగను; అది మీ చేతిలో లేదు. ఆమె దగ్గరికి వెళ్తానని మాటా ఇవ్వలేను, నా మాట ఎలాంటిదో చూశారుగా. కానీ రాసింది కొట్టెయ్యలేదు. ఊపిరి కొంచెం కిందిదాకా దిగుతోంది.