పీరు దెయ్యాలు

మా ఊరి చరిత్ర ఎవరైనా రాస్తే, పీరు పళ్లు తోముకునే ఘట్టానికి ఒక అధ్యాయం కేటాయించక తప్పదు. రోజూ పొద్దున్నే డాబా ఎక్కి, నోటినిండా నురగతో, ఆడదెయ్యం నవ్వు సాధన చేస్తాడు. పక్కింటి గేదె మొదట్లో బెదిరి పాలు ఎగ్గొట్టింది. ఇప్పుడు ఆ నవ్వు వినపడితేనే పాలు చేపుతోంది. పెళ్లి వీడియోలు తీసి బతికే పీరుకు జీవితాశయం ఒక్కటే: తను యూట్యూబులో పెట్టే దెయ్యాల సినిమాలు చూసి, కళ్లంలో మిరపకాయలు ఏరే ఆడవాళ్లు ఒక్కసారైనా జడుసుకోవాలి. తీసిన ప్రతి సినిమానూ వాళ్ల అన్నాల వేళకు పట్టుకెళ్తాడు. ఒక దెయ్యానికి జాకెట్టు చంకల దగ్గర బిగువైందని వాళ్లు తేల్చారు. ఇంకోదాన్ని చూసి కోటిరత్నం, "ఏరా పీరూ, దీని జుట్టు బాగుందే, ఏం నూనె రాస్తారు?" అంది. "ఈసారి చూడు పిన్నీ, నీకు అన్నం సహించదు," అన్నాడు పీరు, ఏమాత్రం తగ్గకుండా.

కొత్త సినిమా వాళ్ల కళ్లంలోనే తీశాడు. మొన్న మధ్యాహ్నం వాళ్లు అన్నాలకు కూర్చోగానే ఫోను నీళ్లబిందెకు ఆనించి ఆ సినిమా పెట్టాడు. తెరమీద ఎర్రగా ఆరబోసిన కాయలు. వాటిమీదికి పీరు కంప్యూటర్లో పుట్టించిన మబ్బు కమ్ముకొచ్చింది. ఉరిమింది. టపటపా చినుకులు మొదలయ్యాయి. ఆడవాళ్ల చేతుల్లో ముద్దలు ఆగిపోయాయి. "ఓరి నాయనో, కాయంతా తడిసి బూజు పట్టిపోద్ది! పట్టాలు కప్పండే!" అని కోటిరత్నం గుండె బాదుకుంది. ఇద్దరు లేచి, మండుటెండలో ఆరుతున్న అసలు కాయల మీదికి పట్టాలు లాగేశారు. ఇన్నాళ్ల దీక్ష ఫలించిందని పీరు కళ్లు చెమర్చాయి. సినిమాలో దెయ్యం ఇంకా రానేలేదు.