పాప పేరు మీద నేను తేన్చిన తేన్పులు

ఏళ్ల తరబడి ఒక తేన్పు బరువు మోశాను. నవ్వకండి. సరే, నవ్వినా ఫరవాలేదు, మొదట్లో నేనూ నవ్వుకున్నవాణ్నే. కానీ చివరిదాకా వినండి. మీరు నా మొహం ఎరుగరు, అందుకే మీకు చెప్పుకోవడం తేలిక.

మార్కాపురంలో మాకు స్టీలు సామాన్ల దుకాణం. పెద్దకోడలు స్వాతిది గిద్దలూరు. తొలికాన్పుకు పుట్టింటికి వెళ్లాల్సిన పిల్ల, సరిగ్గా అప్పుడే వాళ్లమ్మ జారిపడి చెయ్యి విరగ్గొట్టుకోవడంతో మా ఇంట్లోనే ఉండిపోయింది. ఆడపిల్ల పుట్టింది. స్వాతికి పాలు చాల్లేదు. డాక్టరమ్మ పాలపొడి రాసిచ్చి, తాగించిన ప్రతిసారీ పాపను భుజాన నిలువుగా వేసుకుని, తేన్పు వచ్చేదాకా వీపు మెల్లగా తట్టమంది. సీసా పాలతో పాటు గాలి కూడా లోపలికి పోతుందట. అది బయటికి రాకపోతే కడుపు ఉబ్బి పిల్ల ఏడుస్తుందట.

ఆ ఉద్యోగం నాకు దక్కింది. మా ఆవిడకు మోకాళ్ల నొప్పులు, పిల్లను ఎత్తుకుని తిరగలేదు. నేను మెత్తటి తువ్వాలు భుజాన వేసుకుని వరండాలో అటూ ఇటూ తిరిగేవాణ్ని. "వచ్చిందా?" అని వంటింట్లోంచి కేక వినిపించేది. వచ్చిందంటే ఇల్లంతా సంబరం. అంత చిన్న శబ్దానికి అంత సంతోషించిన రోజులు నా జీవితంలో మళ్లీ రాలేదు.

సాయంత్రం మాత్రం నాకు కాలు నిలిచేది కాదు. బస్టాండు దగ్గర మిరపకాయ బజ్జీల బండి, అక్కడ నాకోసం చూసే ఇద్దరు మిత్రులు. మొదటి వాయి దిగేసరికి నేను అక్కడ లేకపోతే కొంప మునిగినట్టే ఉండేది. ఒకరోజు పాప ఎంతకీ తేన్చలేదు. తట్టాను, తిరిగాను, ఊహూఁ. నాకు చిన్నప్పటినుంచీ ఒక విద్య ఉంది. కావాలనుకున్నప్పుడు తేన్చగలను. గోళీసోడా తాగి పందేలు గెలిచినవాణ్ని. ఆ రోజు గొంతు సన్నం చేసి, పసిపిల్ల తేన్పంత చిన్నది ఒకటి వదిలాను.

"వచ్చిందే! నా బంగారు తల్లే!" అంది మా ఆవిడ లోపల్నుంచి.

పాపను ఉయ్యాల్లో పడుకోబెట్టి చెప్పులేసుకున్నాను.

అక్కడితో ఆపి ఉంటే ఇది తమాషాగా చెప్పుకునే కథ అయ్యేది. ఆపలేదు. సాయంత్రం పూట అదే నాకు అలవాటైపోయింది. నేను బజ్జీలు తిని వచ్చేసరికి పాప కాళ్లు కడుపులోకి ముడుచుకుని, మొహం ఎర్రగా చేసుకుని ఏడుస్తూ ఉండేది. ఎందుకో నాకు తెలియదా? తెలుసు. తెలిసీ, గాలి ఎప్పుడో ఒకప్పుడు దానంతటదే పోతుందిలే అని, అంత చిన్న తేన్పుకు ఇంత ఏడుపు ఉంటుందా అని, నాకు నేనే సర్దిచెప్పుకుంటూ, ఏమీ ఎరగనట్టు చేతులు కడుక్కుని పాపను ఎత్తుకునేవాణ్ని.

మా ఆవిడ మొదట దిష్టి అంది. ఉప్పూ మిరపకాయలూ తిప్పి పడేసింది. తగ్గలేదు. ఆ తరువాత చూపు స్వాతి మీదికి మళ్లింది. పాలు సరిగ్గా కలపడం లేదంది, సీసా గిలకొట్టి నురగ చేస్తోందంది, సీసా పట్టుకోవడమే రాదంది. ఆ పిల్ల పొడిని చెంచా అంచుకు సమంగా గీసి, దాన్నే మళ్లీ మళ్లీ చూసుకునేది.

ఒకరోజు వరండాలో నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"మామయ్యా, మీరన్నా నిజం చెప్పండి. పొద్దున బాగనే ఉంటది, సాయంత్రమే ఇట్ల ఏడుస్తా ఉంది. నా చేతిలోనే ఏమన్నా తప్పుందా?"

చెప్పడానికి అంతకన్నా మంచి సమయం దొరుకుతుందా? ఎదురుగా నిలబడి అడుగుతోంది. నేనేమన్నానో తెలుసా?

"కొందరి చేతులు అట్ల ఉంటాయిలేమ్మా. దానికి బాధెందుకు? అలవాటైతది."

నా అసలు తప్పు ఆ మాటే. మర్నాటినుంచి స్వాతి సాయంత్రం సీసా మా ఆవిడ చేతికిచ్చేసింది. నాకు బుద్ధొచ్చి బజ్జీల బండి మానేశాను. నిజమైన తేన్పు వచ్చేదాకా తిరిగాను, చొక్కా నిండా పాలు కక్కించుకున్నాను. పాప హాయిగా నిద్రపోయింది. దాంతో ఏమైందంటారు? "చూసినావా, నా చెయ్యి పడినాక ఎట్ల కుదురుకుందో!" అంది మా ఆవిడ. కోడలి చేతిలోనే దోషముందని రుజువైపోయింది. ఆ రుజువు చేసింది నేను. అప్పుడైనా నోరు విప్పవచ్చు కదా? మామగారినన్న మర్యాద అడ్డొచ్చింది.

ఆ పాప ఇప్పుడు బడికి వెళ్తోంది. మొన్న చిన్నకోడలు తన పసిబిడ్డతో ఇంటికొచ్చింది. వాడికీ సీసా పాలే. నిన్న చిన్నకోడలు సీసాలో పాలు కలిపి స్వాతికి ఇవ్వబోతే, స్వాతి నవ్వుతూ చేతులు వెనక్కి పెట్టుకుంది. పక్కనే హోంవర్కు చేసుకుంటున్న నా మనవరాలు తలెత్తింది.

"మా అమ్మ పడితే తమ్మునికి కడుపు నొప్పొస్తది పిన్నీ. అమ్మ చెయ్యి మంచిది కాదంట."

ఎంత మామూలుగా అందో! ఏ పిల్ల కడుపు నొప్పికి నేను కారణమో ఆ పిల్లే, తల్లి గురించి అలా అంటోంది. నాకిక కూర్చోబుద్ధి కాలేదు. లేచి నిలబడి, అందరి ముందూ చెప్పేశాను. తేన్పులు నావని, ఏడుపుకు కారణం నేనని, స్వాతి అడిగినరోజు అబద్ధం చెప్పానని. ఎందుకు చేశారంటే బజ్జీల కోసమని చెప్పడానికి మాత్రం ప్రాణం పోయినంత పనైంది.

"మీ బజ్జీలు మండా!" అని మా ఆవిడ తల బాదుకుంది. చిన్నకోడలు కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. మనవరాలైతే ఒక తేన్పు చేసి చూపించమని నా చెయ్యి పట్టుకు గుంజింది.

స్వాతి నవ్వలేదు. ఏడవనూ లేదు. చేతులు కడుక్కుని వచ్చి, బాబును ఒళ్లోకి తీసుకుని, తలవైపు కాస్త ఎత్తుగా పెట్టి, సీసా నోటికందించింది. వాడు గుటకలు వేస్తుంటే, సీసాలో పాలు తగ్గడాన్నే చూస్తూ కూర్చుంది.

పాలు అయిపోయాయి. నేను తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లి చేతులు చాచాను. స్వాతి బాబును నాకివ్వలేదు. తన భుజానే వేసుకుని, వీపు తడుతూ వరండాలోకి నడిచింది. నేను తువ్వాలు మడత పెట్టుకుని కూర్చున్నాను. ఎన్నో ఏళ్ల తరువాత నా గుండె తేలిగ్గా ఉంది.