దానమ్మ తడికొంగుతో చూసిన టీవీ

మా వీధిలో దానమ్మ మాటను అందరూ నమ్ముతారు. నేనూ నమ్మేదాన్నే. పోయిన ఏడాది ఎండలు ముదిరాక మాత్రం నాకు ఆమె మీద అనుమానం మొదలైంది.

ఆళ్లగడ్డలో మా ఎదురిల్లు ఆమెది. నాలుగిళ్లు దాటితే వాళ్ల చర్చి. ఆదివారం అక్కడ పాట ఎత్తేది దానమ్మే. ఆమె గొంతు లేస్తేనే తక్కిన ఆడవాళ్ల గొంతులు లేస్తాయి. నేను ఆ చర్చి మనిషిని కాకపోయినా నా వంటింటి కిటికీకి ఆ తేడా తెలియదు, పాటలన్నీ లోపలికి వచ్చేస్తాయి. అట్లా వింటూ వింటూ ఒక సంగతి పట్టుకున్నాను. పాత పాటల్లోనే ఆమె గొంతు వినబడుతోంది. పాస్టరుగారి భార్య వందన తాను రాసిన కొత్త పాట మొదలుపెట్టగానే దానమ్మకు దగ్గు వస్తుంది, బయటికి వచ్చేస్తుంది. ఒకసారి అయితే దగ్గే అనుకోవచ్చు. వరసగా ఆరు ఆదివారాలు, అదీ కొత్త పాటకే వస్తే ఏమనుకోవాలి?

"ఏం మ్మే, వందనతో ఏమన్నా మాటామాటా వచ్చిందా?" అని అడిగాను.

"ఏం లేదక్కా. చల్లగాలి పడ్లేదు."

నడి ఎండాకాలంలో చల్లగాలి! వందననూ నిలేసి అడిగాను. "దానమ్మ పెద్దమ్మ అంటే నాకు ప్రాణం" అంది ఆమె. ఇద్దరిలో ఒకరు అబద్ధం చెబుతున్నారని తేల్చుకున్నాను.

దానమ్మ అబద్ధం ఆడే మనిషి కాదన్నదే నాకు పెద్ద చిక్కు. ఆమె పుట్టింది బండి ఆత్మకూరు పక్కన ఒక పల్లెలో. లారీ తోలే పరంజ్యోతిని పెళ్లాడి బేతంచెర్లకు పోయింది. అక్కడ నాపరాళ్ల ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లు పనిచేసింది. పాలిష్ అయిన బండల్ని ఏరడం ఆమె పని. తడిగుడ్డతో బండను ఒక్కసారి తుడిచి, ముక్కు ఆనేంత దగ్గరికి వంగి చూసేది. నీళ్లు ఆరిపోతాయి, సన్నటి పగులు ఉంటే ఆ గీత మాత్రం తడిగానే నిలుస్తుంది. అట్లాంటి బండ పక్కకు పోవలసిందే. ఒకసారి ఓనరే వచ్చి "ఆ ఒక్కటీ ఫస్టు రకంలో కలుపు దానమ్మా" అంటే, "నువ్వే కలుపు నాయనా, నా చేత్తో కలపను" అన్నదట. ఈ మాట ఆమె చెప్పలేదు, పరంజ్యోతి చెప్పాడు. ఆయన లారీ మాని ఆటో కొన్నాక ఇద్దరూ ఆళ్లగడ్డ చేరారు.

ఈ ఏడు చర్చివాళ్లు గోడకు పెద్ద టీవీ పెట్టి పాటల మాటలు దాని మీద చూపించాలనుకున్నారు. టీవీ తెచ్చే పని ప్రభాకర్ సారుకు అప్పజెప్పారు. ఆయన హైస్కూల్లో లెక్కలు చెబుతాడు. పాటలన్నీ తానే ల్యాప్‌టాప్‌లో కొట్టి పెట్టుకున్నాడు. టీవీ కొనడానికి ఆయన నంద్యాలకు పోతుంటే తానూ వస్తానని దానమ్మ పట్టుబట్టింది. ఇంట్లో ఉన్న టీవీని పది నిమిషాలు కుదురుగా చూడని మనిషికి ఈ టీవీతో ఏం పని? అది నా రెండో అనుమానం. దాన్ని అడుగుదామనుకుంటూ ఉండగానే ఆమే మా ఇంటికి వచ్చింది.

"అక్కా, నువ్వు గూడా రావల్ల."

"నేనేంటికి మ్మే?"

"అంగడోళ్లు మాటల్తో మాయజేస్తారు. సారు బడి మనిషి, కాగితం మీద రాసుంటే నమ్ముతాడు. నువ్వు కన్నతల్లి చెప్పినా ఇంగొక తూరి అడుగుతావ్."

మెచ్చుకున్నదో తిట్టిందో తెలియలేదు గానీ చీర మార్చుకుని బయల్దేరాను.

బస్సులో సారు ముందు సీట్లో కూర్చున్నాడు. మేమిద్దరం వెనక కూర్చున్నాం. శిరివెళ్ల దాటాక నేను ఊరుకోలేకపోయాను. "దగ్గు ఎట్లుంది దానమ్మా?" అన్నాను.

ఆమె ముందు సీట్లోని సారు వైపు ఒకసారి చూసింది. గొంతు తగ్గించి చెప్పింది. "దగ్గూ లేదు, ఏం లేదక్కా. పుస్తకంలో అక్షరం కనపడ్తాలేదు. అద్దాలు రెండు తూర్లు మార్చినా. ఇంతకు మించి రాదు, ఉన్నది కాపాడుకో అన్న్యాడు డాక్టరు. ముక్కుకు ఆనిచ్చుకుంటే కనపడ్తాది. పుస్తకం ముక్కుకు ఆనిచ్చుకోని పాట యెట్ల ఎత్తేది?"

"పాత పాటలు?"

"అవి నోటికొచ్చినవి. పుస్తకం ఊరికే పట్టుకుంటాండా. కొత్తయి రావు. ఇంగ అన్నీ కొత్తయే పాడ్తారంట. ఈ టీవీలో అక్షరం కనపడిందా, నిలబడి పాడ్తా. కనపడలేదా, పాట ఇంగొకరు ఎత్తాల్సిందే. నువ్వు ఎవురికీ చెప్పగాకు."

నాకు అప్పటికి అనుమానం తీరింది. తీరగానే ఒక రకంగా దిగులైంది.

నంద్యాలలో సారుకు తెలిసిన అంగడి ఒకటి ఉంది. ఓనరు పేరు మహేశ్వర్. మనిషి గలగలా మాట్లాడతాడు. "రాండి సార్, రా అవ్వా, కూర్చో అవ్వా" అని నాకు కుర్చీ వేశాడు.

"అవ్వ ఎవుర్రా నీకు? నీకంటే పదేండ్లు పెద్దుంటానేమో" అన్నాను. పదిహేను ఉంటాను. ఆ సంగతి అతనికి అనవసరం.

గోడకు రెండు టీవీలు పక్కపక్కనే వేలాడుతున్నాయి. రెండూ యాభై అయిదు అంగుళాలవే. రెండింట్లోనూ ఒకే వీడియో ఆడుతోంది: రంగు చేపలు, పూలు, ఆ తర్వాత తెల్లటి మంచుకొండలు. కుడివైపుది పేరున్న కంపెనీది. ఎడమవైపుది నేను ఎప్పుడూ వినని పేరు, కానీ మూలన బంగారు రంగు చీటీ మీద ఫోర్ కే అని ఇంత లావున రాసి ఉంది.

"రెండూ ఫోర్ కేనే సార్. కుడిపక్కది పేరుకు ఎక్కువ ధర. మందిరానికంటాండారు గాబట్టి ఉన్నమాట చెప్తాండా, ఎడమది తీసుకోండి" అన్నాడు మహేశ్వర్.

ఫోర్ కే అంటే ఏందని అడిగాను. సారుకు పాఠం దొరికింది. టీవీ బొమ్మంతా చుక్కలతో అల్లి ఉంటుందట. అడ్డంగా మూడువేల ఎనిమిది వందల నలభై, నిలువుగా రెండువేల నూట అరవై. అన్నీ కలిపితే ఎనభై లక్షలు దాటుతాయి. ఫుల్ హెచ్‌డీ అనేదానిలో అందులో నాలుగో వంతే. చుక్కలు ఎక్కువైతే చుక్క సన్నమవుతుంది, బొమ్మ నునుపుగా ఉంటుంది.

"ఎవరు లెక్కబెట్టినారు సార్?" అన్నాను.

"కంపెనీ వాళ్లు."

"దీంట్లో అన్ని ఉన్నాయని చెప్పిందెవరు?"

"చీటీ మీద ఉంది గదమ్మా!"

"చీటీ అంటించిందెవరు?"

మహేశ్వర్ నవ్వాడు. "పెద్దమ్మా, నువ్వు పోలీసు డిపార్ట్‌మెంటులో ఉండాల్సింది. కంటితో జూడు, రెంటికీ రోంతన్నా తేడా ఉందా?"

నిజంగానే నాకు తేడా కనబడలేదు. ఈ మాటల మధ్యలో దానమ్మ ఏం చేస్తోందో ఎవరమూ చూడలేదు. ఆమె నా సంచిలోంచి నీళ్ల సీసా తీసింది. కొంగు కొస తడిపింది. బేతంచెర్లలో బండను తుడిచినట్టే ఎడమ టీవీని ఒక్క తుడుపు తుడిచి, మళ్లీ తడిపి కుడి టీవీని తుడిచింది.

"ఏయ్ ఏయ్, ఏందమ్మా అది! కరెంటు వస్తువు! ఆరు లక్షలు పెట్టి సరుకు తెచ్చుకుంటే..." మహేశ్వర్ ఉరుకుతూ వచ్చాడు. సారు సిగ్గుతో తల పట్టుకున్నాడు.

"ఉండప్పా, పగుళ్లు చూసుకోవల్ల గదా" అంది దానమ్మ, అద్దానికి ముక్కు ఆనించి.

"టీవీకి పగుళ్లేందమ్మా! అదేమన్నా నాపరాయా?"

పగుళ్లు ఏమీ లేవు. కానీ కొంగు తుడిచినచోట ఆవగింజంత నీటిబొట్లు నిలిచాయి. సరిగ్గా అప్పుడే వీడియోలో మంచుకొండలు వచ్చి టీవీలు రెండూ తెల్లబడ్డాయి. దానమ్మ గబుక్కున నన్ను పిలిచింది. "అక్కా, బేగా రా. ఈ బొట్లో చూడు."

వంగి చూశాను. తెల్లటి కొండ మీద నీటిబొట్టు. దాని లోపల ఎర్రటి, పచ్చటి, నీలం గింజలు వరసగా పేర్చినట్టు కనబడ్డాయి. నీటిబొట్టు భూతద్దంలాగా పనిచేస్తోంది, సారు చెప్పిన చుక్కలు ఇవే. అన్నాళ్లూ తెలుపు అనుకున్నది తెలుపు కాదన్నమాట! ఆ సంగతీ నాతో ఎవరూ చెప్పలేదు.

"ఇప్పుడు ఆ పక్కది చూడు" అంది.

కుడి టీవీ మీద బొట్టు కూడా అంతే ఉంది, కానీ అందులో గింజలు గసగసాల్లాగా ఉన్నాయి. వేరుచేసి చూడటానికి కళ్లు చికిలించాల్సి వచ్చింది.

"ఇదీ దీని గింజ, అదీ దాని గింజ" అంది దానమ్మ. "ఇది లావు, అది సన్నం. రెండూ ఒకటే అంటావేందప్పా?"

సారు కూడా వచ్చి వంగాడు. రెండు బొట్లూ మార్చి మార్చి చూసి నిటారుగా లేచాడు. మహేశ్వర్ గలగల తగ్గిపోయింది.

"అంటే సార్... ఫోర్ కే వీడియో ఏసినా దీంట్లో ఆడ్తాది అని ఆ చీటీకి అర్థం. లోపల ఉండేది ఫుల్ హెచ్‌డీనే."

"ఆ ముక్క ముందే చెప్పుంటే మా దానమ్మ కొంగు తడిసేదే గాదు గదరా!" అన్నాను. అంగట్లో ఫ్రిజ్ బేరమాడుతున్న దంపతులు తమ ఫ్రిజ్ తలుపు మళ్లీ తీసి చూసుకున్నారు.

సారు మొహం ఎర్రబడింది. "కుడిదే తీసుకుంటాం. నునుపంటే అదే" అన్నాడు.

"పాట చూసి తీసుకుందాం సార్" అంది దానమ్మ. అక్కడ నుంచి వెనక్కు అడుగులు వేయసాగింది. పదకొండు అడుగులు. చర్చిలో తాను నిలబడే చోటికీ గోడకూ అంత దూరమని నిన్ననే కొలుచుకుందట. పదకొండో అడుగుకు వాషింగ్ మిషన్ తగిలి ఆగింది.

సారు ల్యాప్‌టాప్ తీసి, తీగ తగిలించి, కుడి టీవీ మీద ఒక పాట వేశాడు. ఎనిమిది వరసల పాట, నిండుగా. దానమ్మ గొంతు సవరించుకుని మొదటి వరస నుంచి చివరి వరస దాకా తడుముకోకుండా చదివేసింది.

"చూసినారా, ఫోర్ కే అంటే ఇదీ!" అన్నాడు మహేశ్వర్.

నేను ఆమె కళ్లనే చూస్తున్నాను. అవి వరస మారినప్పుడు కిందికి దిగలేదు. పైగా ఆ పాట నా కిటికీలోంచి వెయ్యిసార్లు వచ్చిన పాట. నన్ను నిద్రలో లేపినా నేనూ చదవగలను. ఊరుకుంటే ఆ టీవీ కొంటారు, గోడకెక్కుతుంది, ఆదివారం మళ్లీ దగ్గు వస్తుంది. చెబితే ఆమె నాతో మాట్లాడదు. నోరు మాత్రం ఆగలేదు.

"అది నీకు నోటికొచ్చిన పాట మ్మే. రానిది వేయమను."

ఆమె నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయను. సారుకు ఏమీ అర్థం కాలేదు. వందన ఆ వారమే రాసిన పాట, ఇంకా ఎవరూ పాడనిది, తెర మీదకు వచ్చింది. అంగడి అంతా చూస్తోంది. దానమ్మ పెదవి కదిలించలేదు. పక్కనున్న ఎడమ టీవీకి మార్చమన్నాను. అందులోనూ అంతే. సన్న గింజైనా, లావు గింజైనా పదకొండు అడుగుల దూరానికి ఆమెకు రెండూ మసకే.

"దానమ్మా?" అన్నాడు సారు.

ఆమె కొంగు పిండుకుంది. తర్వాత తల ఎత్తి చెప్పింది. "నాకు కనపడదు సార్. ఏడాది నుంచి పుస్తకం ఊరికే పట్టుకుంటాండా. మీరు గింజ సన్నం గావాలంటాండారు. నాకు గింజతో పని లేదు. అక్షరం లావు గావల్ల."

ఎనిమిది వరసలూ ఒకే చోట ఇరికించిన మనిషి సారే. కుర్చీ లాక్కుని ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని పాటను ముక్కలు చేయసాగాడు. ఒక తెరకు రెండే వరసలు. నల్లటి నేల మీద తెల్లటి అక్షరాలు, ఒక్కొక్కటి అరచేయంత.

"ఎడమ దాంట్లో వెయ్యి సార్. ఆ లావు గింజ దాంట్లోనే" అంది దానమ్మ. "దీంట్లో కనపడితే అది ఏంటికి దండగ? నువ్వు ఆ చీటీ పీకెయ్యప్పా. ఉన్నదానికి ఉన్న ధర చెప్పు."

మహేశ్వర్ గోటితో బంగారు చీటీ గీకాడు. వెనక జిగురు మిగిలింది. దాన్ని కూడా నేను తుడిపించాను.

తెర వెలిగింది. వాషింగ్ మిషన్‌కు ఆనుకుని దానమ్మ ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంది.

"మోడైన... కొమ్మకు... చిగురువు... నీవే..."

ఇంకోసారి చదివింది. ఈసారి ఆగలేదు. మూడోసారి చదవలేదు, రాగం ఎత్తింది. వందన కట్టిన బాణీ ఆమెకు తెలియదు గనక తనకు తోచిన బాణీలోనే ఎత్తింది. ఫ్రిజ్ వాళ్లు బేరం ఆపేశారు. సారు నోరు తెరుచుకుని వింటూ ల్యాప్‌టాప్ సంగతే మరిచిపోయాడు. రెండో వరస చివరి మాట దగ్గర దానమ్మ గొంతు సాగి, సాగి, ఇంకా సాగింది. మొహం కందిపోయింది.

"తిప్పు సార్!" అని అరిచింది. "ఊపిరి బిగబట్టుకోని ఉండా, తరువాతిది తిప్పు!"