సైదులుతో మూడేండ్ల అగ్రిమెంటు

నల్గొండ గ్రౌండులో, జిల్లా అంతా చూస్తుండగా మా బాస్కెట్‌బాల్ టీం పరువు తీసింది ఎవరని నార్కట్‌పల్లిలో అడిగి చూడండి. చౌరస్తా దగ్గరి నా టైర్ల దుకాణం వైపు వేలు చూపిస్తారు. వాళ్ల నోట వినడం కన్నా నా నోట వింటే కాస్త మర్యాదగా ఉంటుంది కాబట్టి నేనే చెబుతున్నాను.

మా టీంను నడిపేది చౌరస్తా దుకాణాల వాళ్లం. పెద్ద మనిషి హార్డ్‌వేర్ దుకాణం సత్తయ్య సేటు. ఏటా టోర్నమెంటుకు ముందు అందరం నా దుకాణంలో టైర్ల మీద కూర్చుని, ఎవరిని ఉంచాలి, ఎవరిని తీసెయ్యాలి, ఏ ఊరి నుంచి ఎవరిని తేవాలి అని గొంతులు చించుకునేవాళ్లం. మాలో ఒక్కడు కూడా ఎన్నడూ ఆడినవాడు కాదు. నేను బంతిని ముట్టుకున్నది గాలి కొట్టడానికే. అయినా, గొంతులో మాత్రం నన్ను మించినవాడు లేడు.

ఆ యేడు చర్చంతా మా కెప్టెన్ యాదగిరన్న మీద నడిచింది. పదిహేనేండ్లుగా ఆడుతున్న మనిషి, నలభైకి దగ్గర పడ్డాడు.

"యాదగిరన్నకు మోకాళ్లు పోయినయ్. ఈ యేడు పక్కకు పెట్టాలె" అన్నాను.

"ఆయన లేకుంటే బంతి ఎవరికియ్యాల్నో మిగిలినోళ్లకు తెల్వదు" అన్నాడు సేటు.

"మనకు ఎగిరేటోడు కావాలె సేటూ. యాదగిరన్న ఎగిరిండో నిలబడ్డడో ఫొటో తీసి చూస్తెగాని తెలుస్తలేదు."

అందరూ నవ్వారు. యాదగిరన్న అక్కడే చాయ్ తాగుతున్నాడు. ఆయనా నవ్వాడు. "పిలగాండ్లను తెచ్చుకోండ్రి, నాకేం ఫికర్ లేదు" అని లేచి వెళ్లిపోయాడు. గ్లాసులో సగం చాయ్ అట్లాగే ఉంది. నేను చూశాను. చూసి కూడా, గెలిచిన ఊపులో పట్టించుకోలేదు.

నా మనసులో అప్పటికే ఒక కుర్రాడున్నాడు. సూర్యాపేటలో ఏదో మ్యాచిలో, జనం వెనక నిలబడి దూరం నుంచి చూశాను. ఆరడుగుల పైన ఉంటాడు. పేరు సైదులు అన్నారు, ఊరి పేరు కూడా చెప్పారు. టోర్నమెంటుకు ఇంకా నాలుగు రోజులే ఉంది.

"తెస్తే మూడేండ్లకు రాయించుకో నర్సిమ్మా. ఒక్క యేడు మనకాడ ఉండి అవుతల పడ్తరు" అన్నాడు సేటు.

అగ్రిమెంటు కాగితం నేనే రాశాను. మూడేండ్లు మా టీంకు తప్ప ఎవరికీ ఆడకూడదు, మేమూ మధ్యలో తీసెయ్యకూడదు. వకీలు కూడా విప్పలేని ముడి వేశానని మురిసిపోయాను. సైదులు లేకుండా తిరిగి రానని అందరి ముందూ చెప్పి బండి తీశాను.

ఆ ఊరి మొదట్లో ఒక పెద్దమనిషిని ఆపి అడిగాను. "తాతా, ఆటగాడు సైదులు ఇల్లెక్కడ?"

"ఎగిరే సైదులా?"

"ఎగిరే సైదులే."

"గా గొర్ల దొడ్డి పక్కన."

దొడ్డిలో సైదులు గొర్రెపిల్లకు మందు తాగిస్తున్నాడు. అంతే ఎత్తు, అంతే వెడల్పు భుజాలు. నా గుండె నిండిపోయింది.

"సైదులూ, నీ ఆట చూసిన. గట్ల ఎగిరేటోన్ని ఈ జిల్లాల చూడలే" అన్నాను.

అతను సిగ్గుపడ్డాడు. "మా నాయిన నేర్పిండు సారూ."

"ఎంతసేపు ఆడగలుగుతవు?"

"అవుతలోళ్లు ఆపేదాక ఆడుత."

"ఆదివారం నల్గొండల మా టీంకు ఆడాలె."

"టీమా? నేనెప్పుడు ఒక్కన్నే ఆడుత గద."

ఇంత పొగరున్న కుర్రాడే మాకు కావలసింది అనుకున్నాను. "డ్రెస్సు మాదే. పసుపు రంగు మీద నలుపు చారలు."

అతని ముఖం వెలిగిపోయింది. "అసలు రంగే గది సారూ. మరి వెనకది?"

వీపు మీద వేసే నంబరు సంగతి అనుకున్నాను. "వెనకది గూడ మేమే కుట్టిస్తం. ఏడు పెట్టాల్నా, పది పెట్టాల్నా?"

సైదులు నన్ను కొంచెం వింతగా చూశాడు. "ఒక్కటి సాలు సారూ."

ఒకటో నంబరు అని రాసుకున్నాను. కాళ్లకు కొత్త బూట్లు కొనిస్తానంటే, ఉత్త కాళ్లతోనే ఆడతానన్నాడు. పట్టుబట్టి పాదం కొలత తీసుకున్నాను.

బాస్కెట్‌బాల్ అన్న మాట ఒక్కసారైనా అనలేదా అని మీరు అడగవచ్చు. అనలేదు. వంటమనిషిని మాట్లాడుకునేటప్పుడు పొయ్యి ఊసు ఎవరైనా ఎత్తుతారా? సైదులు సంతకం పెట్టాడు. సూర్యాపేట వాళ్లు ఎగరేసుకుపోతారేమోనన్న భయంతో, ఆదివారం దాకా ఎవరికీ కనిపించవద్దని, నేరుగా గ్రౌండుకే రమ్మని చెప్పి వచ్చాను.

ఆదివారం వచ్చింది. మాది మొదటి మ్యాచి. ఉన్నవాళ్లలో ఒకడికి కాలు బెణికింది. సైదులు కలిస్తేనే ఐదుగురవుతారు. నేను గేటు దగ్గర నిలబడి ఎదురుచూస్తున్నాను. ముందు డప్పుల చప్పుడు వినిపించింది. తర్వాత జనం పక్కకు జరిగారు. ఒళ్లంతా పసుపు రంగు, నల్ల చారలు, ముఖానికి మీసాలు, నడుముకు మూరెడు తోక. పీర్ల పండుగకు ఊళ్లలో ఆడే పులి వేషం కట్టుకుని సైదులు ఎగురుకుంటూ లోపలికి వచ్చాడు.

"రంగు మీరే ఇస్తమన్నరు గని ఆరనీకె టైం పడుతది సారూ. ఇంటికాన్నే ఏసుకొచ్చిన. తోక గూడ నాదే తెచ్చుకున్న, అలవాటైంది" అన్నాడు.

"బంతాట సైదులు నువ్వు కాదా?" అన్నాను.

"ఆ సైదులు మా ఎనక వాడకట్టు. మొన్ననే సూర్యాపేటోళ్లు రాయించుకపోయిండ్రు."

సేటు వచ్చి పులిని చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ పులిని చూశాడు. రెఫరీ తోక వంక చూసి, "ఐదు నిమిషాలల్ల ఐదుగురు నిలబడకుంటే మీరు ఓడినట్టే" అన్నాడు.

"కాగితం మీద రాసిండ్రు గద, నేనైతే ఆడుత" అన్నాడు సైదులు. బంతి పట్టుకోవడం ఎట్లాగో కూడా రాదు గాని, వెనక్కి తగ్గే రకం కాదు.

అప్పుడు మెట్ల మీద యాదగిరన్న కనిపించాడు. మమ్మల్ని చూడటానికి బస్సెక్కి వచ్చాడు. నేను పోయి ఆయన ముందు నిలబడ్డాను.

"అన్నా, తప్పయింది. జర దిగు."

"మోకాళ్లు పోయినయ్ గద నర్సిమ్మా."

"నోరు జారిన అన్నా. అందరి ముంగట అన్న, అందరి ముంగటనే అడుగుతున్న."

ఆయన తన చెప్పులు చూపించి, "బూట్లు తేలే" అన్నాడు.

నా వెనక నుంచి పులి ముందుకొచ్చింది. చేతిలో, తన కోసం నేను కొని సంచిలో తెచ్చిన కొత్త బూట్లున్నాయి. "నాయి ఏసుకో అన్నా. నాకు ఉత్తకాళ్లే నయం."

యాదగిరన్న నవ్వాడు. ఒకటో నంబరు బనియను తొడుక్కుని దిగాడు. ఎగరలేదు, పరుగెత్తలేదు. మధ్యలో నిలబడి, ఎవరికి ఇవ్వాలో వాళ్లకు బంతి ఇచ్చాడు, అంతే. గీత బయట డప్పులకు పులి ఆడుతుంటే అవతలి వాళ్లకు నవ్వు ఆగక గురి కుదరలేదు. రెఫరీ పులిని రెండుసార్లు కసిరాడు. ఒక్క పాయింటుతో మేం గెలిచాం. తెల్లారి యాదగిరన్న మోకాళ్లు వాచి లేవలేకపోయాడు. రెండో మ్యాచిలో ఎంత ఘోరంగా ఓడామో చెప్పను, మీరు అడగవద్దు.

మరుసటి యేడు సూర్యాపేట వాళ్లు నా దుకాణానికి వచ్చారు. వాళ్ల మ్యాచిలకు జనం రావడం లేదట, అందరూ మా పులిని చూడటానికే పోతున్నారట. "మీ సైదులును మాకియ్యండ్రి. బదులుకు మా సైదులును తీసుకపోండ్రి" అన్నారు. అంటే ఏ కుర్రాడి కోసం నేను బండి తీశానో, ఆ కుర్రాణ్నే తెచ్చి మా చేతిలో పెడతామంటున్నారు. వద్దన్నవాళ్లు చేతులెత్తమన్నాడు సేటు. అందరి చేతులూ లేచాయి. అందరికన్నా ముందు లేచింది నాదే.

ఇప్పుడు మా టీంలోకి ఎవరిని తీసుకోవాలన్నా యాదగిరన్నే పోయి చూసి వస్తాడు. నేను మాత్రం మా టీం బంతి మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాను. ఇక ఈ జన్మలో, 'ఆడతవా' అని అడిగిన నోటితోనే 'ఏం ఆడతవు' అని కూడా అడగకుండా ఏ మనిషి చేతా సంతకం పెట్టించను.