ఐదు వేళ్ల మాట

మా హుస్సేన్‌బీది కడప. సౌదీలో, అల్ ఖోబర్‌లోని అజీజియా పేటలో, ఒక సూడాన్ డాక్టరమ్మ ఇంట్లో పని. డాక్టరమ్మ డ్యూటీకి వెళ్లాక ఇంట్లో మిగిలేది ఆవిడ తల్లి, హుస్సేన్‌బీ. ఇంటి పెద్దావిడను అక్కడి పద్ధతిలో "మామా" అనాలి. ఆడమనిషిని పట్టుకుని మామా అనడమేంటని మొదట్లో తెగ నవ్వుకుంది. ఏమని పిలిచినా ఒకటే, మామాకు చెవులు వినపడవు. ఇద్దరూ చేతులతోనే మాట్లాడుకునేవాళ్లు.

అక్కడే వచ్చింది చిక్కు. మామా ఐదు వేళ్లూ దగ్గరికి చేర్చి పైకెత్తి చూపేది. అరబ్బీ మాట్లాడేవాళ్లకు అది "కాస్త ఆగు". మనావిడకు అది అన్నం ముద్ద. ఆగమన్నప్పుడల్లా కంచం తెచ్చి పెట్టేది. మామా విసుక్కుని, నవ్వి, చివరికి తినేది. ఆ ఏడాది కాస్త ఒళ్లు కూడా చేసింది.

మామా దిగులు మాత్రం తగ్గలేదు. సూడాన్ యుద్ధంలో ఆమె కొడుకులిద్దరూ చెరోవైపు చేరారు. పెద్దవాడు చనిపోయాడు. చిన్నవాడు వీడియో కాల్ చేస్తే మామా ఫోను బోర్లించేసేది. అన్నను చంపిన గుంపులో ఉన్నవాడి మొహం చూడనని పట్టు. హుస్సేన్‌బీకి ఒళ్లు మండేది.

"ఏం తల్లివమ్మా నువ్వు! పోయినోడు ఎట్టాగూ రాడు, ఉండేటోడి మొగమన్నా చూసుకోకూడదా?" అని మొహం మీదే తిట్టేది. వినపడదు కదా, ఆ ధైర్యం.

ఒక మధ్యాహ్నం డాక్టరమ్మ టీవీలో మాటల్లేని అరబ్బు సినిమా ఒకటి పెట్టి వెళ్లింది. పరదాలు వేసిన గదిలో, ఏసీ హోరులో, తెర వెలుతురు గోడల మీద మెల్లగా కదులుతోంది. హుస్సేన్‌బీకి కునుకు పట్టింది. సినిమా ఎక్కడ ఆగిందో, కల ఎక్కడ మొదలైందో తెలియలేదు. తెర మీదా యుద్ధమే, అక్కడా ఇద్దరన్నదమ్ములే. చిన్నకొడుకు శత్రువుల దుస్తుల్లో గుమ్మం దగ్గరికొచ్చాడు. తల్లి ఐదు వేళ్లూ చేర్చి పైకెత్తింది.

పక్కన కూర్చుని చూస్తున్న మామా ఏడుస్తోంది. ఆ తల్లి కొడుకును గడప దాటనివ్వలేదు చూడు, అన్నట్టు అరచేయి అడ్డం పెట్టి చూపింది.

"కాదు మామా!" హుస్సేన్‌బీ నిద్రమత్తులోనే లేచింది. తెరను చూపించి, వేళ్లు నోటి దగ్గరికి తీసుకెళ్లింది. "అన్నం తిన్యావా నాయనా అని అడగతాంది!"

మామా చాలాసేపు ఆ చేతినే చూసింది.

సాయంత్రం ఫోను వెలిగింది. చిన్నవాడే. మామా బోర్లించలేదు. మాసిన గడ్డం, చిక్కిపోయిన మొహం. మామా ఐదు వేళ్లూ చేర్చి పైకెత్తింది. ఆగమంటోందనుకుని వాడు నోట్లో మాట నోట్లోనే ఆపేశాడు.

మామా చెయ్యి మెల్లగా నోటి దగ్గరికి వెళ్లింది.

వాడు తినలేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

హుస్సేన్‌బీ అలవాటుగా వంటింట్లోకి పరుగెత్తి కంచం తెచ్చింది. ఎవరికి పెట్టాలో తెలియక, ఫోను ముందు పెట్టింది.